షాటో డికెమ్

షాటో డికెమ్ అనునది ఫ్రాన్సు దేశపు నైరుతి భాగములోని ఒక ద్రాక్షతోట పేరు. ఆ తోటలో తయారగు తియ్యని తెల్ల వైనుకు కూడా అదే పేరు కలదు. ఈ తోట బోర్డో నగరమునకు ఆగ్నేయ దిశలో సుమారు 40 కి.మీ. దూరమున సోటెర్న్ గ్రామములో ఉన్నది. సాధారణముగా తెల్ల వైనులు కొద్ది సంవత్సరములలోనే తమ రుచిని కోల్పోవును. షాటో డికెమ్ మాత్రము మంచి సంవత్సరపు పంట అయినచో యాభై సంవత్సరములు, కొన్ని సందర్భములలో నూరు సంవత్సరములు దాటియు నిలువ ఉండును. అంతకాలము నిలుచుటయే గాక, కాలము గడచిన కొలది దాని రంగు, వాసన, రుచి మారుచు మెరుగుపడును. ప్రపంచములో మిక్కిలి గౌరవము పొందిన తెల్ల వైనులలో దీనిని ఒకటిగా పరిగణింతురు.

ఈ వైను విలువ తయారీతోనే పూర్తి కాదు. సీసా తోట విడిచిన తరువాత దానిని ఎచట, ఎంత చల్లదనములో, ఎంతకాలము ఉంచిరి, ఏ విధముగా తెరచి వడ్డించిరి అను విషయములపై తుది రుచి ఆధారపడి ఉండును. నలభై సంవత్సరములు భద్రముగా ఉన్న సీసా ఒక్క వేసవిలో పాడుకావచ్చును. అందుచేత ఈ వ్యాసములో తోట చరిత్ర, తయారీలతో పాటు భద్రపరచుట, వడ్డించుట, ఆస్వాదించుట గురించి కూడా వివరింపబడినది.

ప్రదేశము

సోటెర్న్ వైనులు తయారగు ప్రాంతములో సోటెర్న్, బార్సాక్, బొమ్, ఫార్గ్, ప్రెన్యాక్ అను ఐదు గ్రామములు కలవు. షాటో డికెమ్ తోట ఒక గుట్టపై ఉన్నది. నేల పైపొరలో గులకరాళ్ళు, ఇసుక, అడుగున నీటిని పట్టి ఉంచు బంకమన్ను ఉండును. వేళ్ళ వద్ద నీరు నిలువకుండుటకై 19వ శతాబ్దములో ఇచట భూమి లోపల దాదాపు 100 కి.మీ. పొడవు గల మురుగు గొట్టములు వేయబడినవి. తోట విస్తీర్ణము సుమారు 100 హెక్టారులు. ఇందులో అధిక భాగము సెమియోన్ రకము ద్రాక్ష, మిగిలినది సోవిన్యోన్ బ్లాంక్ రకము. సెమియోన్ వైనుకు నిండుదనమును, సోవిన్యోన్ బ్లాంక్ పులుపును, సువాసనను ఇచ్చును.

ఈ ప్రాంతమునకు ముఖ్యమైనది నీరు. సీరోన్ అను చిన్న ఏరు అడవుల నీడలో ప్రవహించి వచ్చుటచే చల్లగా ఉండును. అది గారోన్ నదిలో కలియుచోట, శరదృతువులో చల్లని నీరు వెచ్చని నీటిని తాకి తెల్లవారుజామున దట్టమైన మంచు కమ్మును. మధ్యాహ్నమునకు ఎండ కాసి మంచు విడిపోవును. ఉదయపు తేమ, మధ్యాహ్నపు ఎండ ఒకదాని వెంట ఒకటి వచ్చుటయే ఈ వైనుకు మూలకారణము.

చరిత్ర

1593లో జాక్ సోవాజ్ అను స్థానిక ప్రముఖుడు ఈ భూమిపై హక్కు పొందెను. సోవాజ్ వంశీయులు 1711లో దీనికి పూర్తి యజమానులైరి. 1785లో ఆ వంశపు కుమార్తె ఫ్రాన్స్వాజ్ జోసెఫీన్, లూయీ అమెదే ద లూర్ సలూస్ అను ప్రభువును వివాహమాడెను. మూడు సంవత్సరములకే, 1788లో, ఆయన మరణించెను. మరుసటి సంవత్సరము ఫ్రెంచి విప్లవము ప్రారంభమైనది. ఆ కల్లోల కాలములో చెరసాల అనుభవించి కూడా ఆమె తోటను చేజారనీయక నిలబెట్టుకొనెను. 1826లో వైను నిలువ చేయుటకు ప్రత్యేక భవనము నిర్మింపజేసెను. 1851లో మరణించు వరకు ఆమెయే తోటకు పెద్దదిక్కుగా ఉండెను.

అమెరికా దేశపు మూడవ అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్, తాను ఫ్రాన్సులో రాయబారిగా ఉన్న కాలమున, 1787లో 1784 సంవత్సరపు వైను 250 సీసాలు కావలెనని ఈ తోటకు లేఖ వ్రాసెను. 1790లో తన కొరకును, అప్పటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ కొరకును మరికొన్ని సీసాలు తెప్పించెను. 1859లో రష్యా చక్రవర్తి సోదరుడు కాన్‌స్టాంటిన్ 1847 సంవత్సరపు వైనుకు 20,000 బంగారు ఫ్రాంకులు చెల్లించెనని చెప్పుదురు.

1855లో పారిస్ ప్రదర్శన సందర్భముగా మూడవ నెపోలియన్ కోరికపై బోర్డో వైనులను తరగతులుగా విభజించిరి. తియ్యని తెల్ల వైనులలో షాటో డికెమ్‌ను మాత్రమే మొదటి తరగతికి పైన ఒక ప్రత్యేక స్థానములో ఉంచిరి. ఆ స్థానము మరే వైనుకు ఇవ్వబడలేదు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలములో ఈ కోటభవనము సైనిక వైద్యశాలగా ఉపయోగపడెను. 20వ శతాబ్దములో బెర్ట్రాండ్ ద లూర్ సలూస్, ఆయన అనంతరము 1968 నుండి అలెగ్జాండర్ ద లూర్ సలూస్ తోటను నిర్వహించిరి. 1996లో కుటుంబములోని పలువురు తమ వాటాలను ఎల్.వి.ఎం.హెచ్. అను వ్యాపార సంస్థకు విక్రయింపగా వివాదము ఏర్పడి, 1999లో పరిష్కారమైనది. 2004లో అలెగ్జాండర్ తప్పుకొనగా పియేర్ లూర్టన్ నిర్వహణ బాధ్యత స్వీకరించెను. అలెగ్జాండర్ 2023లో మరణించెను.

బూజు వలన కలుగు మేలు

ఈ వైను బూజు పట్టిన ద్రాక్షతో తయారగును. బోట్రైటిస్ సినెరియా అను శిలీంధ్రము తేమ గల వాతావరణములో పండ్లపై పెరుగును. తేమ ఎడతెగక ఉన్నచో అది పండును కుళ్ళబెట్టును. తెలుగు రైతులకు ఇటువంటి బూజు కొత్త కాదు. ఆముదపు గెలలను నాశనము చేయు బూజు తెగులును కలిగించు శిలీంధ్రము కూడా ఇదే కుటుంబమునకు చెందినది. పూత, కాయ దశలో ముసురు పట్టినచో ఆముదము రైతు పంటపై ఆశ వదలుకొనవలసి వచ్చును.

సోటెర్న్‌లో మధ్యాహ్నపు ఎండ ఈ తెగులును అదుపులో ఉంచును. శిలీంధ్రము పండిన ద్రాక్ష తొక్కలో సూక్ష్మమైన రంధ్రములు చేయును. వాటి గుండా లోపలి నీరు ఆవిరియై పోవును. పండు ముడుతలు పడి, గోధుమ రంగునకు మారి, ఎండుద్రాక్ష వలె అగును. లోపల మిగిలిన రసములో చక్కెర, పులుపు చిక్కబడును. శిలీంధ్రము కొంత చక్కెరను, కొంత ఆమ్లమును తాను తిని, గ్లిజరాల్ వంటి పదార్థములను, కొత్త సువాసనలను చేర్చును. ఈ స్థితిని ఐరోపా వారు ఉదాత్తమైన కుళ్ళు అను అర్థము వచ్చు పేరుతో పిలుతురు. హంగరీ దేశపు టోకాయ్ వైనులు, జర్మనీలోని కొన్ని అరుదైన తియ్యని వైనులు కూడా ఇదే విధముగా తయారగును.

దీనిని అర్థము చేసికొనుటకు బెల్లము తయారీ మంచి పోలిక. చిత్తూరు జిల్లాలో, కాణిపాకము గల ఐరాల మండలము వంటి చోట్ల చెరకు గానుగ చూచినవారికి ఇది సులభముగా బోధపడును. గానుగలో తీసిన చెరకు రసమును పెద్ద పెనములో పోసి, మంట పెట్టి, నీరు ఇగిరిపోవునంతవరకు కాచినచో బెల్లమగును. సోటెర్న్ తోటలలో నీటిని ఇగిర్చు పని నిప్పునకు బదులు బూజు చేయును. అది కూడా పండు చెట్టున ఉండగానే, వారముల తరబడి జరుగును. బెల్లము కాచువాడు మంట ఎక్కువైనదని తోచినచో తగ్గించగలడు. ద్రాక్షతోట వానికి వానను, ఎండను తగ్గించు ఉపాయము లేదు. ఒక్క వారము విడువని వాన పడినచో పంట మొత్తము పనికిరాని కుళ్ళుగా మారవచ్చును.

కోత, తయారీ

తోటలోని పండ్లన్నియు ఒకేసారి బూజు పట్టవు. ఒకే గుత్తిలో కొన్ని పండ్లు సిద్ధముగాను, కొన్ని పచ్చిగాను ఉండును. అందుచేత కూలీలు తోటను ఒకసారి కోసి వదలక, సెప్టెంబరు నుండి నవంబరు వరకు మరల మరల వచ్చి, తగిన స్థితికి వచ్చిన పండ్లను మాత్రమే ఏరుదురు. సాధారణముగా ఐదారు మారులు, కొన్ని సంవత్సరములలో అంతకు మించియు తిరుగవలసి వచ్చును. సామాన్యమైన వైను తోటలో ఒక తీగ నుండి ఒకటి రెండు సీసాల వైను రాగా, ఇచట ఒక తీగకు ఒక్క గ్లాసు మాత్రమే వచ్చునని చెప్పుదురు.

కోసిన పండ్లను అదే దినము మరలో నొక్కి రసము తీయుదురు. ఇతర వైనులలో మొదటి నొక్కుడు రసము శ్రేష్ఠము కాగా, ఇచట తరువాతి నొక్కుడులలో వచ్చు రసమే ఎక్కువ చిక్కగా, తియ్యగా ఉండును. ఆ రసమును కొత్త ఓక్ కర్ర పీపాలలో పోసి పులియబెట్టుదురు. ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా మార్చును. ఆల్కహాలు 13.5 నుండి 14 శాతమునకు చేరునప్పటికి ఈస్ట్ బలహీనపడి నిలిచిపోవును. మిగిలిన చక్కెర వైనులో అట్లే ఉండిపోవును. అది లీటరుకు సుమారు 120 నుండి 150 గ్రాములు ఉండును. బయటి నుండి చక్కెర కలుపరు.

పిదప వైనును పీపాలలో సుమారు రెండు సంవత్సరములు ఉంచుదురు. పూర్వము ఈ కాలము మూడు సంవత్సరములు దాటియుండెడిది. పీపాలను రుచి చూచి, నచ్చని వాటిని తొలగించి, మిగిలిన వాటిని కలిపి సీసాలలో నింపుదురు. 1959 నుండి ఈ తోట నుండి ఇగ్రెక్ అను పేరుతో అంతగా తీపి లేని మరియొక తెల్ల వైను కూడా వెలువడుచున్నది.

వైను వెలువడని సంవత్సరములు

పంట తగిన స్థాయిలో లేనిచో షాటో డికెమ్ అను పేరుతో ఆ సంవత్సరము ఒక్క సీసా కూడా విడుదల చేయరు. 20వ శతాబ్దములో 1910, 1915, 1930, 1951, 1952, 1964, 1972, 1974, 1992 సంవత్సరములలో ఈ వైను వెలువడలేదు. ఈ శతాబ్దములో 2012 సంవత్సరపు వైనును కూడా విడుదల చేయలేదు. తోట పని, కూలి, పీపాల ఖర్చు మాత్రము ఆ సంవత్సరములలోను తప్పదు. ఒక సంవత్సరపు ఆదాయము పూర్తిగా వదలుకొనుట వలననే మిగిలిన సంవత్సరముల సీసాలపై కొనువారికి నమ్మకము నిలిచినది.

మిక్కిలి ప్రసిద్ధి చెందిన సంవత్సరములలో 1811, 1847, 1921, 1937, 1945, 1947, 1967, 1975, 1983, 1988, 1989, 1990, 2001, 2009 ముఖ్యమైనవి.

కాలముతో వచ్చు మార్పులు

వైనును కాలము నుండి కాపాడునవి ముఖ్యముగా ఆమ్లము, చక్కెర, ఆల్కహాలు, కొద్ది పరిమాణములో కలుపు గంధకపు సమ్మేళనము. షాటో డికెమ్‌లో ఇవన్నియు సమృద్ధిగా ఉండుటచే బిరడా గుండా చేరు స్వల్పమైన ప్రాణవాయువు దానిని వెంటనే పాడు చేయజాలదు. అది నెమ్మదిగా వైనులోని పదార్థములను మార్చును.

* మొదటి పది సంవత్సరములు: రంగు లేత బంగారము. తాజా నారింజ, అనాస, తేనె, కొత్త కర్ర వాసనలు ప్రధానముగా ఉండును. తీపి ముందుగా నాలుకకు తెలియును.
* పది నుండి ముప్పది సంవత్సరములు: రంగు ముదురు బంగారమగును. ఎండు ఆప్రికాట్, నారింజ తొక్క, కుంకుమపువ్వు, అల్లపు మురబ్బా వంటి వాసనలు వచ్చును.
* ముప్పది సంవత్సరములు దాటిన పిదప: రంగు తేనె నుండి రాగికి, పిదప గోధుమ వర్ణమునకు మారును. కాచిన చక్కెర పాకము, వేయించిన గింజలు, సుగంధద్రవ్యముల వాసనలు కలుగును. చక్కెర పరిమాణము తగ్గకున్నను నోటికి తీపి తగ్గినట్లు తోచును.

ఈ పాత వాసనలలో ముఖ్యమైన దానికి సోటోలోన్ అను రసాయనము కారణము. మెంతులకు ప్రత్యేకమైన వాసనను ఇచ్చునది కూడా ఈ సోటోలోన్ అణువే. ముడి చెరకు చక్కెరలో కూడా ఇది ఉన్నట్లు జపాను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. జపాను భాషలో ముడి చక్కెరను సొతో అందురు. ఆ మాట నుండియే సోటోలోన్ అను పేరు వచ్చినది. తక్కువ మోతాదులో ఇది కాచిన పాకము వలెను, ఎక్కువ మోతాదులో మెంతుల వలెను వాసన వేయును. కావున పాత షాటో డికెమ్ వాసన చూచిన తెలుగువారికి బెల్లపు పాకము, వేయించిన మెంతులు గుర్తుకు వచ్చినచో అది ఊహ మాత్రమే కాదు. దానికి రసాయన శాస్త్రములో ఆధారము కలదు.

భద్రపరచుట

ఇటువంటి వైనును నిలువ ఉంచుటకు తగిన ఉష్ణోగ్రత 12 నుండి 14 డిగ్రీల సెల్సియస్. ఉష్ణోగ్రత ఎంత ఉన్నదను దానికంటె అది మారకుండుట ముఖ్యము. సీసాను పడుకోబెట్టవలెను. అప్పుడు బిరడా వైనుతో తడిసి, ఎండి ముడుచుకొనక ఉండును. గాలిలో తేమ 70 శాతము వరకు ఉండుట మంచిది. వెలుతురు, అదురు తగులరాదు. ఐరోపాలో నేలమాళిగలు సహజముగానే ఇట్టి స్థితిలో ఉండును.

దక్షిణ రాయలసీమలో ఈ స్థితి సహజముగా లభింపదు. ఐరాల, చిత్తూరు, తిరుపతి పరిసరములలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరును. మిద్దె ఇంటిలోని అలమరలో రాత్రివేళ కూడా 30 డిగ్రీలకు తగ్గకపోవచ్చును. అట్టి వేడిలో వైను వ్యాకోచించి బిరడాను బయటకు త్రోయును. చల్లబడినప్పుడు లోపలికి గాలి పీల్చుకొనును. నెమ్మదిగా దశాబ్దములలో జరుగవలసిన మార్పు కొద్ది నెలలలో, అదియు క్రమము తప్పి జరుగును. అట్టి వైను రంగు పాత వైను రంగు వలె కనిపించినను, వాసనలో ఉడికిన పండు, ఎండిన ఆకు తప్ప మరేమియు ఉండదు.

వేడి ప్రాంతములలో పాటింపదగిన విషయములు:

* సంవత్సరముల తరబడి ఉంచదలచినచో ఉష్ణోగ్రతను 12-14 డిగ్రీల వద్ద నిలుపు ప్రత్యేకమైన వైను అలమర అవసరము. విద్యుత్తు పోయినప్పుడు తలుపు తెరువక ఉంచవలెను.
* ఇంటి ఫ్రిజ్ సుమారు 4 డిగ్రీల చల్లదనములో, పొడిగా ఉండును. కొన్ని వారములు ఉంచుటకు అది పనికివచ్చును. సంవత్సరములు ఉంచినచో బిరడా ఎండిపోవును.
* వేసవిలో సీసాను కారులో గాని, ఎండ తగులు చోట గాని వదలరాదు. కొన్ని గంటలలోనే నష్టము జరుగును.
* తగిన వసతి లేనిచో సీసాను త్రాగదలచిన సమయమునకు దగ్గరగా, మంచి నిలువ గల చోటు నుండి తెప్పించుకొనుట మేలు.

పాత సీసాను కొనునప్పుడు వైను మట్టమును చూడవలెను. మట్టము మెడలో ఉన్నచో మంచిది. భుజము క్రిందికి దిగినచో గాలి లోపలికి చేరినదని అర్థము. బిరడా పైకి పొడుచుకొని వచ్చుట, మెడపై జిగట చారలు ఉండుట వేడి తగిలినదనుటకు గుర్తులు.

వడ్డించుట

లేత వయసు వైనును 8 నుండి 10 డిగ్రీలలో, పాత వైనును 10 నుండి 13 డిగ్రీలలో వడ్డింతురు. మరీ చల్లగా ఉన్నచో వాసనలు వెలువడవు. మరీ వెచ్చగా ఉన్నచో తీపి, ఆల్కహాలు ముందుకు వచ్చి వైను బరువుగా తోచును. ఫ్రిజ్ నుండి తీసిన సీసాను పావుగంట నుండి అరగంట వరకు బయట ఉంచినచో సరిపోవును. వేసవిలో గ్లాసులోని వైను త్వరగా వెచ్చబడును గనుక కొద్దికొద్దిగా పోసి, సీసాను మంచుగడ్డలు కలిపిన నీటి పాత్రలో ఉంచుట మంచిది. గ్లాసులో మంచుగడ్డ వేయరాదు.

పాత సీసాను ఒక దినము ముందుగా నిలువుగా నిలబెట్టినచో మడ్డి అడుగునకు చేరును. ముప్పది సంవత్సరములు దాటిన బిరడా పొడిపొడిగా విరుగవచ్చును. అట్టి దానికి మర వంటి సాధనము కంటె, బిరడాకు ఇరుప్రక్కల దిగు రెండు పలుచని రేకుల సాధనము మేలు. బిరడా ముక్కలు లోపల పడినచో పలుచని బట్టతో వడకట్టవచ్చును. సీసా అడుగున లేక బిరడాపై కలకండ పలుకుల వంటి స్ఫటికములు కనిపించినచో భయపడనవసరము లేదు. అవి ద్రాక్షలోని ఆమ్లపు లవణములు, హానికరములు కావు.

పదిహేను సంవత్సరముల లోపు వైనును గాజు కూజాలో పోసి గంట, రెండు గంటలు గాలి తగులనిచ్చినచో వాసనలు విప్పారును. మిక్కిలి పాత వైనును అట్లు ఎక్కువసేపు ఉంచరాదు. దాని సున్నితమైన వాసనలు త్వరగా ఎగిరిపోవచ్చును.

గ్లాసు పొడవైన కాడతో, క్రింద వెడల్పుగా, పైన కొంచెము ముడుచుకొని ఉండవలెను. ఒక్కొక్కరికి 60 నుండి 75 మిల్లీలీటర్లు చాలును. 750 మిల్లీలీటర్ల సీసా పది మందికి సరిపోవును. 375 మిల్లీలీటర్ల సగము సీసాలు కూడా లభించును. అవి పెద్ద సీసాల కంటె త్వరగా పాతబడును. తెరచిన సీసాను బిరడాతో మూసి ఫ్రిజ్‌లో ఉంచినచో లేత వైను వారము దినములు, కొన్నిమార్లు అంతకు మించియు చెడక ఉండును.

ఆస్వాదించుట

మొదట గ్లాసును తెల్లని కాగితము ముందు వంచి రంగు చూడవలెను. వైను మెరుపుతో, తేటగా ఉండవలెను. ముదురు రంగు వయసును తెలుపును గాని మంచిచెడ్డలను తెలుపదు. మెరుపు పోయి మురికిగా ఉన్నచో అనుమానింపవలెను.

తరువాత గ్లాసును కదపక ఒకసారి, మెల్లగా త్రిప్పి మరియొకసారి వాసన చూడవలెను. పండ్లు, తేనె, సుగంధద్రవ్యములు ఒకదాని తరువాత ఒకటి వెలువడును. తడిసిన అట్ట వంటి వాసన వచ్చినచో బిరడా దోషము కలదని తెలిసికొనవలెను. పుల్లని సిర్కా వాసన ఘాటుగా వచ్చినచో వైను చెడినదని అర్థము.

చిన్న గ్రుక్కను నోటిలో కొంతసేపు నిలుపవలెను. సాధారణ శీతల పానీయములలో లీటరుకు సుమారు 100 నుండి 110 గ్రాముల చక్కెర ఉండును. షాటో డికెమ్‌లో అంతకంటె ఎక్కువ ఉన్నను వెగటు కలుగకపోవుటకు దానిలోని పులుపు కారణము. తీపి, పులుపు తూగి ఉండుటయే మంచి సంవత్సరమునకు గుర్తు. మ్రింగిన పిదప రుచి ఎంతసేపు నిలుచునో గమనింపవలెను. మంచి వైనులో అది నిమిషము దాటియు నిలుచును. గ్లాసును త్వరగా ముగింపక అరగంట, గంట సేపు ఉంచుకొనినచో ఉష్ణోగ్రత పెరిగిన కొలది కొత్త వాసనలు తెలియును.

భోజనముతో పొందిక

ఫ్రాన్సులో దీనిని బాతు కాలేయపు వంటకముతోను, రోక్‌ఫోర్ అను నీలి బూజు గల ఉప్పని చీజుతోను వడ్డించుట సంప్రదాయము. ఉప్పు, కొవ్వు గల పదార్థములు వైను తీపికి తోడగును. కాల్చిన కోడిమాంసముతో వడ్డించుట కూడా కలదు.

తియ్యని వైనును మిఠాయిలతో త్రాగవలెనను అభిప్రాయము సరియైనది కాదు. పదార్థము వైను కంటె తియ్యగా ఉన్నచో వైను పలుచగా, పుల్లగా తోచును. కావున బొబ్బట్లు, జిలేబి, పాలకోవ, పండిన మామిడి దీనికి తగవు. ఉప్పు చల్లి వేయించిన జీడిపప్పు, బాదంపప్పు బాగుగా నప్పును. మితమైన కారమును వైను తీపి చల్లార్చును. రాయలసీమ వంటలలోని ఘాటైన మిరపకారము మాత్రము నాలుకను మొద్దుబార్చి సున్నితమైన వాసనలను తెలియనీయదు. అంతటి వైనును భోజనమునకు ముందుగాని, భోజనము ముగిసి కొంత సమయము గడచిన పిదపగాని విడిగా త్రాగుట ఉత్తమము.

వెల, నకిలీలు

2011లో 1811 సంవత్సరపు షాటో డికెమ్ సీసా ఒకటి లండన్‌లో 75,000 పౌండ్లకు అమ్ముడుపోయినది. అప్పటికి ఒక తెల్ల వైను సీసాకు లభించిన అత్యధిక వెల అది. క్రిస్టియాన్ వానెక్ అను ఫ్రెంచి వైను నిపుణుడు దానిని కొనెను. 1811లో ఆకాశమున గొప్ప తోకచుక్క కనిపించుటచే ఆ సంవత్సరపు వైనులను తోకచుక్క వైనులని పిలుతురు.

వెల పెరిగిన కొద్దీ నకిలీల భయము కూడా పెరిగినది. 1980లలో హార్డీ రోడెన్‌స్టాక్ అను జర్మను వ్యాపారి, జెఫర్సన్ పేరులోని మొదటి అక్షరములు చెక్కిన 18వ శతాబ్దపు సీసాలు దొరికినవని ప్రకటించెను. వాటిలో షాటో డికెమ్ సీసాలు కూడా కలవు. ఆ సీసాల వాస్తవికతపై అనుమానములు తలెత్తి, 2006లో బిల్ కోక్ అను అమెరికా సంపన్నుడు న్యాయస్థానములో దావా వేసెను. అప్పటి నుండి పాత సీసా ఎవరి చేతుల నుండి ఎవరి చేతులకు మారినదను ఆధారములను కొనువారు ఎక్కువ శ్రద్ధతో పరిశీలించుచున్నారు.

దీర్ఘకాలము నిలుచు ఇతర తెల్ల వైనులు

* మోన్‌రాషే: ఫ్రాన్సులోని బర్గండి ప్రాంతపు తీపి లేని వైను. షార్డొనే ద్రాక్షతో చేయుదురు. 1990ల మధ్య నుండి వెలువడిన బర్గండి తెల్ల వైనులలో కొన్ని సీసాలు కాలమునకు ముందే పాతబడుట పెద్ద సమస్యగా మారినది.
* రీస్లింగ్: జర్మనీలోని మోజెల్ లోయ దీనికి ప్రసిద్ధి. అధికమైన పులుపు దీని ఆయుష్షునకు కారణము.
* టోకాయ్ అసు: హంగరీ దేశపు వైను. బూజు పట్టిన ద్రాక్షతో తయారగును.
* హంటర్ లోయ సెమియోన్: ఆస్ట్రేలియా దేశపు వైను. తీపి లేకున్నను, ఆల్కహాలు తక్కువైనను, పులుపు బలముతో ఇరువది సంవత్సరములు నిలుచును.

ఆరోగ్యము, చట్టము

షాటో డికెమ్ ఎంతటి ప్రసిద్ధి పొందినను మద్యమే. ఆల్కహాలు క్యాన్సరును కలిగించు పదార్థములలో ఒకటిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినది. 75 మిల్లీలీటర్ల వైనులో సుమారు 10 గ్రాముల చక్కెర ఉండును గనుక మధుమేహము గలవారు ఈ విషయమును గమనింపవలెను. గర్భిణులు, వాహనము నడుపువారు దీనిని త్రాగరాదు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో మద్యము కొనుటకు కనీస వయసు 21 సంవత్సరములు.

ఇవి కూడా చూడండి

* ద్రాక్ష
* వైను
* కిణ్వనము
* బెల్లము
* మెంతులు
* ఐరాల మండలము